అరగొండ నుండి గంగారం వరకు – దూర వైద్యం నడచిన దారి

మన సంఘ సభ్యులలో అధికులు ఇప్పుడు డాక్టరుతో తరచు పనిపడే వయస్సులో ఉన్నారు. డాక్టరేమో పట్నంలో ఉంటాడు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. ఊళ్ళో మిగిలేది వృద్ధ దంపతులు, ఒక సెల్‌ఫోను, ఒక మందుల డబ్బా. ఈ స్థితిలో "ఇంట్లో కూర్చునే డాక్టరుకు చూపించుకోవచ్చు, మీ రిపోర్టులన్నీ క్లౌడులో భద్రంగా ఉంటాయి" అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తున్నది. క్లౌడు అంటే మేఘం కదా, మేఘంలో రిపోర్టులేమిటని అడిగిన మిత్రులున్నారు. కనుక ఈ ప్రత్యేక సంచికలో ఆ చరిత్రను మొదటి నుండి తేదీలతో సహా పాఠకుల ముందుంచుతున్నాను.

గంగారమే ఎందుకు?

గంగారం పేరు గల ఊళ్ళు జనగామ, భూపాలపల్లి వైపు కూడా ఉన్నాయి. నేను చెప్పేది మహబూబాబాదు జిల్లాలోని గంగారం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పాత వరంగల్లు జిల్లాలోని కొత్తగూడ మండలం నుండి విడదీసి దీనిని మండలం చేశారు. ఇది ఏజెన్సీ ప్రాంతం. చుట్టూ అడవి, నడుమ కోయ గూడేలు, దారికి అడ్డంగా వాగులు. వరంగల్లు పెద్దాస్పత్రికి రావాలంటే కొత్తగూడ, నర్సంపేటల మీదుగా రావాలి. ఒకనాడు రోగిని మంచం మీద పడుకోబెట్టి, మంచానికి కర్ర కట్టి, నలుగురు భుజాన మోసుకుని వచ్చేవారన్న సంగతి ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసిన మన వారికి విదితమే.

పట్నంలో నడిచే ఏ సౌకర్యమైనా మెచ్చుకోవడం సులభం. అది గంగారం దాకా వచ్చిందా, వర్షాకాలంలో కూడా నిలిచిందా అన్నదే అసలు పరీక్ష. అందుచేత ఈ వ్యాసానికి గంగారాన్నే కొలబద్దగా తీసుకున్నాను.

తీగ మీద గుండె చప్పుడు

దూరం నుండి వైద్యం చేయాలన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1905లో హాలెండు దేశంలోని లైడెన్ పట్టణంలో ఐంతోవెన్ అనే శాస్త్రవేత్త, ఆస్పత్రిలో పడుకుని ఉన్న రోగి గుండె కదలికలను టెలిఫోను తీగ ద్వారా సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించి నమోదు చేశాడు. నేడు మనందరికీ పరిచయమైన ఇ.సి.జి. ఆయన చలవే. దానికి 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

1928లో ఆస్ట్రేలియాలో "ఎగిరే డాక్టరు" సేవ మొదలైంది. వందల మైళ్ళ ఎడారిలో విసిరేసినట్లున్న పశువుల కాపరుల ఇళ్ళకు డాక్టరు విమానంలో వెళ్ళేవాడు. కాని డాక్టరును పిలవడమెలా? కరెంటు లేదు. ట్రేగర్ అనే ఇంజనీరు సైకిలు తొక్కినట్లు కాళ్ళతో తొక్కితే పనిచేసే రేడియోను 1929లో తయారుచేశాడు. తరువాతి కాలంలో ఇంటింటికీ ఒక మందుల పెట్టె ఇచ్చి, మందులకు నంబర్లు వేశారు. డాక్టరు రేడియోలో "ఫలానా నంబరు మాత్ర ఇవ్వండి" అంటే ఆ ఇంటి ఇల్లాలు తీసి ఇచ్చేది. డాక్టరు చదువు అక్కడ, రోగి పక్కన నిలిచిన చేయి ఇక్కడ. దూర వైద్యానికి మూలసూత్రం ఇదే.

ఆపదలో పిలిచే నంబరు కథ వేరు. 1935లో లండనులోని ఒక ఇంట్లో మంటలు లేచి అయిదుగురు స్త్రీలు మరణించారు. పొరుగాయన ఫోను చేస్తే ఎక్స్ఛేంజి వారు వరుసలో నిలబెట్టారు. ఆయన పత్రికకు లేఖ వ్రాశాడు, విచారణ జరిగింది, 1937 జూన్ 30న 999 అనే అత్యవసర నంబరు పుట్టింది. అమెరికాలో 911 నంబరుకు మొదటి ఫోను 1968 ఫిబ్రవరిలో వెళ్ళింది. మన తెలుగునాటికి అటువంటి నంబరు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది.

అరగొండలో ఉపగ్రహం

అయితే మన దగ్గర దూర వైద్యం నంబరు కంటే ముందే వచ్చింది. చిత్తూరు జిల్లా తవణంపల్లె మండలంలోని అరగొండ, అపోలో ఆస్పత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. అక్కడ కట్టిన చిన్న ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా మద్రాసులోని పెద్దాస్పత్రితో కలిపారు. 2000 మార్చి 24న, భారత పర్యటనలో ఉన్న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ దీనిని లాంఛనంగా ప్రారంభించారు. అరగొండలో తీసిన ఎక్స్‌రే, ఇ.సి.జి. మద్రాసు నిపుణుల కళ్ళ ముందుకు వెళ్ళేవి. మన అంతరిక్ష సంస్థ ఇస్రో ఈ పనికి ఉపగ్రహ సౌకర్యం కల్పించి, ఆ తరువాత దేశంలోని అనేక మారుమూల ఆస్పత్రులకు దీనిని విస్తరింపజేసింది.

ఇది గొప్ప ముందడుగని చెప్పక తప్పదు. కాని ప్రతిచోటా గొడుగంత యాంటెన్నా, ఖరీదైన పరికరాలు, వాటిని నడిపే మనిషి కావాలి. ఊరికొక ఉపగ్రహ కేంద్రం పెట్టడం అయ్యే పని కాదు. గంగారం వంటి చోటికి ఆ రోజుల్లో ఆ మాటే రాలేదు.

108 వచ్చిన రోజు

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సేవ ప్రారంభమైంది. సత్యం కంప్యూటర్స్ అధిపతి బి. రామలింగరాజు నెలకొల్పిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ దీనిని మొదలుపెట్టగా, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం భుజం కలిపి రాష్ట్రమంతటా విస్తరింపజేసింది. నిర్వహణ ఖర్చులో అధిక భాగం ప్రభుత్వానిదే. తెల్లని వ్యాను, లోపల ఆక్సిజను, శిక్షణ పొందిన టెక్నీషియను. ఫోను చేసినవాడిని డబ్బు అడగరు, కులం అడగరు, ఏ ఆస్పత్రి ఖాతాదారువని అడగరు.

ఇందులో చాలామంది గమనించని విశేషమొకటి ఉన్నది. బండిలోని టెక్నీషియనుకు సందేహం వస్తే కేంద్రంలో కూర్చున్న డాక్టరుకు ఫోను చేస్తాడు. డాక్టరు చెప్పిన ప్రకారం మందు ఇస్తాడు, ఆ సంగతి కాగితం మీద వ్రాస్తాడు. ఆస్పత్రి చేరేలోపే వైద్యం ఆరంభమవుతుంది. ఆస్ట్రేలియా మందుల పెట్టె నీతే ఇక్కడ చక్రాల మీద నడుస్తున్నదన్నమాట.

2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కల బాగోతం బయటపడినప్పుడు 108 ఆగిపోతుందేమోనని రాష్ట్రమంతా ఆందోళన చెందింది. ఆగలేదు. అదే సంవత్సరం జి.వి.కె. సంస్థ దాని బాధ్యతను స్వీకరించింది. అప్పటికే 2007లో గుజరాతు ఈ పద్ధతిని తీసుకున్నది, తరువాత మరెన్నో రాష్ట్రాలు అనుసరించాయి. తెలుగునాట పుట్టిన ఒక నంబరు దేశానికంతటికీ దారి చూపిందంటే అతిశయోక్తి కాదు. 2007లోనే 104 సలహా కేంద్రం కూడా వచ్చింది. దానికి అనుబంధంగా నెలకొకసారి, నిర్ణీత తేదీన, బి.పి., షుగరు మందులతో ఊరికి వచ్చిన 104 బండి కోసం అరుగుల మీద ఎదురుచూసిన పెద్దవాళ్ళు మన గ్రామాలలో ఎందరో ఉన్నారు.

ఇంతకూ మేఘమంటే ఏమిటి?

మనమంతా దస్త్రాలతో జీవితం గడిపినవాళ్ళం, కనుక మన భాషలోనే చెబుతాను. ఒకప్పుడు మన పింఛను ఏ బ్యాంకు శాఖలో ఉంటే ఆ శాఖకే వెళ్ళి, పాసు పుస్తకం చూపించి తీసుకోవలసి వచ్చేది. లెడ్జరు అక్కడే ఉండేది మరి. ఇప్పుడు ఏ ఊరి ఏ.టి.ఎం.లోనైనా తీసుకుంటున్నాము. లెడ్జరు శాఖను వదలి ఒక పెద్ద కేంద్రానికి పోయింది, శాఖలన్నీ తీగ ద్వారా దానినే చూస్తున్నాయి. క్లౌడు కూడా ఇటువంటిదే. ప్రతి ఆస్పత్రీ సొంత కంప్యూటరు గది, సొంత రికార్డు రూము కట్టుకోకుండా, ఎక్కడో ఉన్న మహా రికార్డు రూములో అవసరమైనంత చోటు అద్దెకు తీసుకుంటుంది. పని పెరిగితే చోటు పెంచుకుంటుంది, తగ్గితే తగ్గించుకుంటుంది. ఇంజనీర్లు పటాలు గీసేటప్పుడు టెలిఫోను వలయాన్ని మబ్బు బొమ్మగా చూపే అలవాటు నుండి ఆ పేరు వచ్చింది.

ఆ మేఘం ఆకాశంలో లేదు. వేల కంప్యూటర్లు పేర్చిన, పగలూ రాత్రీ చల్లబరిచే పెద్ద పెద్ద షెడ్లలో ఉన్నది. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రంగా అటువంటి షెడ్ల సముదాయాన్ని ప్రారంభించింది. మన కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాల కోసం 2014 ఫిబ్రవరిలో ఆరంభించిన క్లౌడుకు "మేఘరాజ్" అని ముచ్చటైన పేరు పెట్టింది.

మనకు తెలియకుండానే మనం దీనిని వాడుతూనే ఉన్నాము. 2014 నవంబరులో వచ్చిన జీవన్ ప్రమాణ్ వల్ల బ్రతికి ఉన్నామన్న ధ్రువపత్రాన్ని వేలిముద్రతో ఇస్తున్నాము. 2021 జనవరి 16 నుండి కోవిడ్ టీకాలు కోవిన్‌లో నమోదయ్యాయి. 2022 జూలై నాటికి 200 కోట్ల డోసుల లెక్క అందులో చేరింది. ఇన్ని కోట్ల పద్దులను పాత పద్ధతిలో జిల్లాకొక రిజిస్టరు పెట్టి నడపడం సాధ్యమేనా, మన గుమాస్తాలే చెప్పాలి.

పల్లెకు వచ్చిన తెర

వైద్యంలో ఈ పద్ధతిని మన ప్రాంతంలో ముందుగా వాడుకున్న వారిలో కంటి వైద్యులు ఉన్నారు. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెలలో చిన్న దృష్టి కేంద్రాలను నెలకొల్పింది. అక్కడ డాక్టరు ఉండడు. శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులు కళ్ళు పరీక్షించి, అద్దాలు ఇచ్చి, అనుమానం ఉన్న కళ్ళ చిత్రాలను పై ఆస్పత్రికి పంపుతారు. 2016 డిసెంబరులో ఈ సంస్థ మైక్రోసాఫ్ట్‌తో కలిసి, క్లౌడులో చేరిన కంటి రికార్డులను పరిశీలించి ఏ రోగికి ఏ ఫలితం రావచ్చునో ముందుగా అంచనా వేసే పని కూడా చేపట్టింది.

ప్రభుత్వపరంగా పెద్ద మలుపు ఈ-సంజీవని. ఆరోగ్య కేంద్రాల నుండి డాక్టరును సంప్రదించే ఈ పద్ధతిని 2019 నవంబరులో దేశంలో మొదట అమలు చేసినది ఆంధ్రప్రదేశ్. మరుసటి సంవత్సరం కోవిడ్ వచ్చిపడింది. 2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ అయిన రోజునే, ఫోను ద్వారా, వీడియో ద్వారా వైద్యం చేయడానికి కేంద్రం నియమావళి విడుదల చేసింది. ఏప్రిల్ 13న ఇంటి నుండే సంప్రదించే విభాగం మొదలైంది. 2023 ఫిబ్రవరి నాటికి సంప్రదింపులు దేశంలో 10 కోట్లు దాటాయి. అందులో సుమారు 3 కోట్ల 17 లక్షలు ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే. తెలంగాణవి సుమారు 45 లక్షలు.

ఉపకేంద్రంలో ఆరోగ్య కార్యకర్త రోగి బి.పి. చూసి, బాధలు అడిగి, తెర మీద నమోదు చేస్తుంది. పై కేంద్రంలోని డాక్టరు తెర మీదనే రోగిని చూసి, ప్రశ్నలడిగి, చీటీ పంపుతాడు. ఉన్న మందులు అక్కడే ఇస్తారు. బస్సు చార్జీ, ఒక రోజు కూలీ మిగులుతాయి.

మన ప్రాంతంలో మరి రెండు పనులు జరిగాయి. 2021 జూన్ 9న తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రాలు 19 జిల్లాలలో ప్రారంభమయ్యాయి. వాటిలో మహబూబాబాదు, జనగామ, ములుగు ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం బండిలో జిల్లా కేంద్రానికి వెళుతుంది, ఫలితం తీగ మీద తిరిగి వస్తుంది. 2022 మార్చి 5న గంగారానికి పొరుగునే ఉన్న ములుగు జిల్లాలోనూ, సిరిసిల్లలోనూ ఇంటింటికీ వెళ్ళి 18 ఏళ్ళు దాటిన వారి ఆరోగ్య వివరాలను కంప్యూటరులో చేర్చే ప్రయోగం మొదలుపెట్టారు. ఇక వైద్య కళాశాలలు మహబూబాబాదుకు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో వచ్చాయి. అంటే తెరకు అవతలి పక్క కూర్చోవలసిన నిపుణులు ఇప్పుడు జిల్లాలోనే ఉండే అవకాశం కలిగింది. ఇది మన తరం ఊహించని సంగతి.

గుండెపోటుకు గంట సమయం

వీటన్నింటిలో మన వయస్సు వారికి ముఖ్యమైనది గుండెపోటు సంగతి. గుండెకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో గడ్డ అడ్డుపడితే, ప్రతి నిమిషమూ గుండె కండరం కొంత చచ్చిపోతూ ఉంటుంది. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షను ఉన్నది. ఖరీదు పదుల వేల రూపాయలు. దానిని మొదటి గంటలలో ఇస్తే మనిషి దక్కుతాడు. కాని అవసరం లేని వారికి ఇస్తే రక్తస్రావమై ప్రమాదం. ఇ.సి.జి. చదవగల నిపుణుడు చిన్న ఆస్పత్రిలో ఉండడు, నిపుణుడి దగ్గరకు వెళ్ళేలోపు సమయం మించిపోతుంది. ఎన్నో ప్రాణాలు ఈ సందులోనే పోయాయి.

క్లౌడు ఈ సందును మూసింది. చిన్న ఆస్పత్రిలో తీసిన ఇ.సి.జి. నిమిషాలలో పెద్దాస్పత్రి గుండె నిపుణుడికి అందుతుంది. ఆయన "ఇవ్వండి" అంటే ఇంజెక్షను అక్కడికక్కడే ఇచ్చి, తరువాత అంబులెన్సులో పంపుతారు. తమిళనాడులో వైద్యులు ఈ పద్ధతిని ముందుగా నడిపి ఫలితాలను ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో తిరుపతి మొదలైన చోట్ల ఆరంభించింది. ఐంతోవెన్ తీగ మీద పంపిన గుండె చప్పుడు నూరేళ్ళు దాటిన తరువాత మన పల్లె రోగికి ప్రాణభిక్ష పెడుతున్నదంటే ఆనందించవలసిన విషయమే.

మేఘానికీ గండాలున్నాయి

మంచి చెప్పాక చెడు చెప్పకపోవడం న్యాయం కాదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆస్పత్రి కంప్యూటర్లపై దుండగులు దాడి చేసి రికార్డులకు తాళం వేశారు. ఇంచుమించు రెండు వారాలు ఆ ఆస్పత్రిలో చీటీలు, రిపోర్టులు చేతివ్రాతతో నడిచాయి. ఆ రోజు ఆస్పత్రిని నడిపించింది కాగితమూ కలమూ. కంప్యూటరు వచ్చిందని రిజిస్టరును అటకెక్కించరాదని ఎయిమ్స్ అనుభవం చెబుతున్నది.

రెండవది ప్రకృతి. 2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. జనం ఇళ్ళ పైకప్పులెక్కి నిలబడ్డారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అదే రోజులలో ములుగు జిల్లా కొండాయిలో జంపన్న వాగు ప్రాణాలు తీసింది. 2024 సెప్టెంబరు 1న మన మహబూబాబాదు జిల్లాలో కేసముద్రం వద్ద రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. ఇటువంటి రోజున కరెంటు పోతుంది, టవరు ఆగుతుంది. ఆకాశంలోని మేఘం కురిస్తే కంప్యూటరు మేఘం అందకుండా పోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే సిగ్నలు ఉండదు.

మూడవది గోప్యత. మన రోగాల చిట్టా ఇతరుల చేతిలో పడితే అమ్ముకునేవారు ఉంటారు. దీనికోసం 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. చట్టం ఉన్నా జాగ్రత్త మనదే.

మనం చేయవలసినవి

1. మీ పేరు, వయస్సు, రక్తం గ్రూపు, రోగాలు, వాడే మందులు, పడని మందులు ఒక కాగితం మీద తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసి ఒకటి జేబులో, ఒకటి ఫోను పక్కన ఉంచండి.

2. అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112, మానసిక బాధకు 14416, వృద్ధుల సహాయానికి 14567. ఈ చివరిది మొదట హైదరాబాదులో పుట్టి 2021లో దేశమంతటికీ వ్యాపించింది. నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో వ్రాయించండి.

3. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడడం – వీటికి వీడియోలో డాక్టరును వెతుకుతూ కూర్చోరాదు. వెంటనే 108.

4. 2021 సెప్టెంబరులో వచ్చిన "ఆభా" అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్య తీసుకుంటే రిపోర్టులు ఒకచోట చేరతాయి. కాని అసలు కాగితాలను పారవేయవద్దు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు.

సంఘానికి ఒక మనవి

దీపం గొప్పదే, కాని నూనె పోసే చేయి ఉండాలి. కాలితో తొక్కే రేడియో నుండి క్లౌడు దాకా, రోగి పక్కన ఒక శిక్షణ పొందిన మనిషి, ఆ మనిషి చేతిలో ఒక సరైన రికార్డు ఉన్నచోటనే దూర వైద్యం ఫలించింది. అవి లేనిచోట యంత్రం బీరువాలో ఉండిపోయింది.

గంగారం వంటి మండలాలకు కావలసినవి మూడు: ఆరోగ్య కేంద్రానికి ఆగని సిగ్నలు, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఏర్పాటు, ఖాళీ లేకుండా నిండిన ఆరోగ్య కార్యకర్తల పోస్టులు. సిగ్నలు లేని గ్రామాలకు 4జి టవర్లు వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలోనే 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మన ఏజెన్సీ గూడేలలో ఎన్నింటికి అవి అందాయో గ్రామాలవారీగా లెక్క తీయించవలసిందిగా కోరుతూ, వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి, మూడు జిల్లాల కలెక్టర్లకు వినతిపత్రం ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను. వినతిపత్రాలు వ్రాయడం, వాటి వెంటపడడం మనకు కొత్త కాదు. మన అర్జీలు పింఛను, కరువు భత్యాల కోసం ఎన్నో వెళ్ళాయి. ఒకటి గంగారం కోసం కూడా వెళ్ళనీయండి.

– ఒక విశ్రాంత గుమాస్తా.